స్టేటస్ కాలమ్ లేని నోట్‌బుక్

మా ఊరి చర్చికి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. పొద్దున్నే వాక్యం, ఆదివారం ఆరాధన టైమింగ్, ఈ వారం గృహకూటం ఎవరింట్లో, మధ్యమధ్యలో ప్రార్థన మనవులు. ఒకరికి ఆపరేషన్, ఇంకొకరి పాపకి పరీక్షలు, మరొకరికి వీసా. మెసేజ్ కనబడగానే చేతులు జోడించిన ఎమోజీ ఒకటి నొక్కేసి ముందుకెళ్లిపోవడం నాకు అలవాటు. నిజం చెప్పాలంటే, ఆ ఎమోజీ పెట్టాక నేను నిజంగా ప్రార్థన చేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కిందటేడు అక్టోబర్‌లో ఒక రాత్రి. ప్రొడక్షన్‌లో ఏదో ఇష్యూ వచ్చి, పదకొండు దాటినా హాస్టల్ రూమ్‌లో లాప్‌టాప్ ముందే కూర్చున్నాను. ఫోన్ వెలిగింది. ‘మా అబ్బాయి గురించి అందరూ ప్రార్థన చేయండి. చాలా కష్టంలో ఉన్నాడు.’ అలవాటు కొద్దీ ఎమోజీ నొక్కి ఫోన్ బోర్లా పెట్టేశాను. రెండు నిమిషాల తర్వాత ఏదో తట్టి మళ్లీ తీసి చూశాను.

ఆ మెసేజ్ పెట్టింది మా అమ్మ.

ఆ అబ్బాయి నా తమ్ముడు.

వెంటనే ఫోన్ చేశాను. అమ్మ ‘హలో’ కూడా అనలేదు, ఏడ్చేసింది. తమ్ముడు విజయవాడలో ఒక మందుల ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాడు. క్రికెట్ బెట్టింగ్ మొదలుపెట్టి ఏడాది దాటిందట. మొదట ఐదొందలు, వెయ్యి. పోయినవి రాబట్టుకోవాలని ఐదు వేలు, పది వేలు. చేతిలో డబ్బులు అయిపోయాక లోన్ యాప్‌లు. లెక్క తేలేసరికి 3,40,000 రూపాయలు. రికవరీ వాళ్లు వాడి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ చేస్తూ చేస్తూ చివరికి నాన్నకి చేశారు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు, రోజూ రాత్రి డిపోలో రూపాయి చిల్లరతో సహా లెక్క అప్పజెప్పి ఇంటికొచ్చిన మనిషి. ఆ ఫోన్ వచ్చాక ఆయన ఎవరినీ తిట్టలేదు. మాట్లాడటమే మానేశారు.

ఆ రాత్రి నేను చాలా రోజుల తర్వాత మోకాళ్ల మీద కూర్చున్నాను. వరుసగా మర్నాడూ, ఆ మర్నాడూ. ఫోన్‌లో నోట్స్ యాప్ తెరిచి ఒక పట్టిక కూడా చేసుకున్నాను. తేదీ, ప్రార్థన అంశం, స్టేటస్. ఉద్యోగం అలవాటు చేసిన పద్ధతి కదా. ‘బెట్టింగ్ మానాలి: పెండింగ్.’ ‘అప్పు తీరాలి: పెండింగ్.’ ‘నాన్న మాట్లాడాలి: పెండింగ్.’

దేవుణ్ణి నమ్మి అడిగావా అంటే, నమ్మే అడిగాను. కానీ ఏం అడిగానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ‘ప్రభువా, వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం ఇప్పించు, నా కళ్ల ముందు ఉంటాడు. ఆ రూమ్మేట్స్‌ని దూరం చెయ్యి. వాడి ఫోన్ పాడైపోనీ. డిసెంబర్‌లోగా అంతా సర్దుకునేలా చెయ్యి.’ పొద్దున మీటింగ్‌లో జూనియర్‌కి పనులు అప్పజెప్పినట్టు దేవుడికి అప్పజెప్పేదాన్ని. ప్లాన్ నాది. ఆయన అమలు చేయాలి, అంతే.

పది రోజులు ఆగి, ఇక ఆగలేక, నా ఫిక్స్‌డ్ డిపాజిట్ బ్రేక్ చేసి అప్పు మొత్తం కట్టేశాను. తమ్ముడు ఫోన్‌లో ఏడ్చాడు, ‘ఇంకెప్పుడూ ముట్టుకోను అక్కా’ అన్నాడు. పట్టికలో రెండు వరుసల ముందు ‘డన్’ అని పెట్టుకున్నాను.

మా చర్చిలో డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకి ఊరంతా వస్తుంది. పన్నెండు కొట్టే ముందు సాక్ష్యాలు చెప్పుకుంటారు. ఆ ఏడాది దేవుడు చేసిన మేలు ఒకటి లేచి చెప్పాలి. ఆ రాత్రి నేను మైక్ తీసుకున్నాను. ‘మా ఇంట్లో ఒకరు పెద్ద సమస్యలో చిక్కుకుంటే, ప్రార్థించాను, దేవుడు రెండు నెలల్లో విడిపించాడు’ అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, అందరికీ తెలుసు. అందరూ ‘ఆమేన్’ అన్నారు. వెనక వరుసలో కూర్చున్న తమ్ముడు తలెత్తలేదు. వినయంతో తల దించుకున్నాడనుకున్నాను.

ఫిబ్రవరిలో మళ్లీ బయటపడింది. ఇంకో యాప్, ఇంకో 1,60,000. నేను మైక్ పట్టుకుని సాక్ష్యం చెప్పిన రాత్రికే అందులో సగం అప్పు ఉంది.

నాకు తమ్ముడి మీద వచ్చిన కోపం కంటే దేవుడి మీద వచ్చిన కోపం ఎక్కువ. అంతకంటే ఎక్కువ, చెప్పుకోవడానికి బాగోలేదు గానీ, పరువు పోయిందన్న బాధ. చర్చిలో అందరి ముందూ చెప్పానే! నోట్స్ యాప్‌లో ‘డన్’ అన్న చోట ‘రీఓపెన్డ్’ అని టైప్ చేశాను. ఆ తర్వాత మూడు వారాలు ప్రార్థన చేయలేదు.

చేయకుండా ఏం చేశానంటే, రాత్రిళ్లు గూగుల్ చేశాను. ‘ఇతరుల కోసం చేసే ప్రార్థన పనిచేస్తుందా?’ అని. ఒక పెద్ద అధ్యయనం కనబడింది. 2006లో ‘అమెరికన్ హార్ట్ జర్నల్’లో వచ్చింది. గుండెకి బైపాస్ సర్జరీ చేయించుకుంటున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి రెండు గుంపులకీ ‘మీకోసం ప్రార్థన జరగొచ్చు, జరగకపోవచ్చు’ అని చెప్పి, ఒక గుంపు కోసం మాత్రమే ప్రార్థన చేయించారు. మూడో గుంపుకి ‘తప్పకుండా చేస్తారు’ అని ముందే చెప్పి చేయించారు. తెలియని రెండు గుంపుల్లోనూ సర్జరీ తర్వాత సమస్యలు వచ్చినవాళ్లు దాదాపు సమానం, 52 శాతం, 51 శాతం. తమకోసం ప్రార్థన జరుగుతోందని తెలిసినవాళ్లలో 59 శాతం.

ఇదే కదా నాకు కావాల్సింది అనిపించింది, ఆ రాత్రికి. ఇక మానేయడానికి ఒక కారణం దొరికింది. కానీ పడుకున్నాక ఒక మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ అధ్యయనంలో ప్రార్థన చేసినవాళ్లకి రోగి పూర్తి పేరు కూడా ఇవ్వలేదు. మొదటి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం, అంతే. వాళ్లకి ఆ మనిషి ఎవరో తెలియదు. మందు డోసు ఇచ్చినట్టు ప్రార్థన ఇస్తే ఎంత ఫలితం వస్తుందో కొలిచారు. కొలవడంలో తప్పు లేదు. నేను చేసింది కూడా సరిగ్గా అదే కదా అనిపించింది. తేడా ఏంటంటే వాళ్లది నిజాయితీగా చేసిన ప్రయోగం. నాది భక్తి అనే పేరు పెట్టుకుని చేసిన ప్రయోగం. తమ్ముడు అందులో ఒక టెస్ట్ కేసు.

మార్చిలో ఒక వీకెండ్ ఇంటికి వెళ్లాను. మా ఊరు తెనాలి దగ్గర. తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ లేచి, మంచం పక్కనే చాప వేసుకుని కూర్చుంది. నిద్ర పట్టక చూస్తున్నాను. ఆమె ముందు ఒక పాత నోట్‌బుక్, అట్ట ఊడిపోతే ప్లాస్టర్ వేసి అతికించింది. పేజీ మీద వేలు పెట్టి ఒక్కో పేరు చదువుతోంది, కళ్లు మూసుకుంటోంది, మళ్లీ కిందికి వస్తోంది.

ఆమె కాఫీ పెట్టడానికి వెళ్లినప్పుడు తీసి చూశాను. పేర్లు. అంతే. మా పిన్ని పేరు, పక్కింటి వాళ్ల అబ్బాయి పేరు, పాల అతను, నాన్నతో పనిచేసిన డ్రైవర్, నా పేరు, తమ్ముడి పేరు. కొన్ని పేర్లు సిరా వెలిసిపోయి ఉన్నాయి, ఏళ్ల కిందట రాసినవి. ఏ పేరు పక్కనా సమస్య రాయలేదు. టిక్కులు లేవు. కొట్టివేతలు లేవు.

“ఇదేంటమ్మా, ఎవరికి ఏం కావాలో రాసుకోవా?” అన్నాను.

“ఆయనకి తెలీదా ఏంటి?”

“మరి జవాబు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?”

అమ్మ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి నన్ను విచిత్రంగా చూసింది. “వచ్చినా రాకపోయినా రేపు మళ్లీ చెప్పాలిగా పేరు. మీ తమ్ముడు మానేశాడే అనుకో, ఎల్లుండి నుంచి వాడికోసం ప్రార్థన మానేస్తానా?”

నా దగ్గర జవాబు లేదు. నా పట్టికలో ‘డన్’ అని పెట్టిన రోజు నుంచి నేను వాడికోసం ప్రార్థన మానేశాను. అమ్మకి ఆ సంగతి తెలియదు.

అవి శ్రమల కాలం రోజులు. ఆ సాయంత్రం చర్చిలో కూటం ఉంటే వెళ్లాను. పాస్టర్ గారు పేతురు గురించి చెప్పారు. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. యేసు తనను పట్టుకెళ్లే రాత్రి పేతురుతో, నీ నమ్మకం చెదిరిపోకూడదని నీకోసం ప్రార్థించాను అంటాడు. ఆ రాత్రే, కోడి కూయకముందే, ఆయనెవరో నాకు తెలియదని పేతురు మూడుసార్లు బొంకుతాడు.

ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా గమనించని విషయం ఆ రోజు తట్టింది. సాక్షాత్తూ యేసే ప్రార్థించాడు. అయినా పేతురు పడ్డాడు. ఆయన అడిగింది వాడు పడకుండా ఉండాలని కాదు. పడ్డాక కూడా నమ్మకం మిగలాలని. పేతురు తిరిగి లేస్తాడని ముందే నమ్మి, లేచాక తోటివాళ్లని బలపరచు అని పని కూడా అప్పజెప్పాడు. మరి నేనేం చేశాను? తమ్ముడు మళ్లీ పడగానే ‘రీఓపెన్డ్’ అని రాసి, ఫోన్ పక్కన పడేశాను.

ఆదివారం రాత్రి హైదరాబాద్ బస్సులో నిద్ర పట్టలేదు. ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి వదిలేసిన అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ తెరిచాను. ఈయన నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో పుట్టినవాడు, తర్వాత క్రైస్తవ లోకంలో పెద్ద గురువుల్లో ఒకడయ్యాడు. కానీ కుర్రతనంలో వాళ్లమ్మ మోనికాని ఏడిపించని రోజు లేదు. కొడుకు మారాలని ఆవిడ ఏళ్ల తరబడి ప్రార్థించింది. 383లో ఆయన కార్తేజ్ వదిలి రోమ్ వెళ్లిపోవాలనుకున్నాడు. వెళ్తే చేయి దాటిపోతాడని ఆవిడ భయం. ఓడరేవు దాకా వెంటపడింది. ఫ్రెండ్‌ని సాగనంపి వస్తానని ఆయన అబద్ధం చెప్పి, ఆవిణ్ని దగ్గర్లోని ఒక ప్రార్థనా స్థలంలో ఆ రాత్రికి ఉండమన్నాడు. ఆవిడ రాత్రంతా అక్కడ ఏడుస్తూ, కొడుకు ఓడ ఎక్కకూడదని దేవుణ్ణి వేడుకుంది. తెల్లారేసరికి ఓడ వెళ్లిపోయింది.

కార్తేజ్ రేవులో ఆ పొద్దున ఎవరైనా మోనికా ప్రార్థనకి స్టేటస్ రాసి ఉంటే ఏం రాసేవారు? ‘రిజెక్టెడ్’.

కానీ ఆ ఓడే ఆయన్ని ఇటలీకి తీసుకెళ్లింది. అక్కణ్నుంచి మిలాన్ వెళ్లాడు. అక్కడ బిషప్ అంబ్రోస్ ప్రసంగాలు విన్నాడు. 386లో మనసు మారింది, 387 ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత రాసుకున్నప్పుడు అగస్టీనే ఆ రాత్రి గురించి చెప్తాడు. అమ్మ ఎప్పుడూ కోరుకున్నది ఇవ్వడానికే ఆ ఒక్క రాత్రి అడిగింది దేవుడు ఇవ్వలేదని. ఆవిడ కూడా ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. సముద్రం దాటి మిలాన్ దాకా వచ్చింది. ఆయన బాప్తిస్మం చూసి, ఆ ఏడాదే కన్నుమూసింది.

సూర్యాపేట దగ్గర బస్సు ఆగితే టీ తాగడానికి దిగాను. మోనికాకి జరిగినట్టే మాకూ జరుగుతుందని నాకు ఎవరూ హామీ ఇవ్వలేదు. ప్రార్థించినా మారని కొడుకులు ఉన్నారు, బతకని రోగులు ఉన్నారు. మా చర్చిలోనే ఉన్నారు. నాకు అర్థమైంది చిన్న విషయం. నేను ఇన్నాళ్లూ రెండు అడుగుతున్నాను. ఒకటి, తమ్ముడు బాగుండాలని. రెండోది, నేను చెప్పిన పద్ధతిలోనే, నేను చెప్పిన తేదీలోగా బాగుండాలని. మొదటిది ప్రేమ. రెండోది పెత్తనం. దేవుణ్ణి నమ్మడం అంటే ఈ రెండోదాన్ని వదలడమే. వాడంటే నాకున్న ప్రేమ కంటే ఆయనకున్న ప్రేమ తక్కువేం కాదని ఒప్పుకోవడం. చెప్పినంత తేలిక కాదు, అక్కకి అసలే కాదు.

హాస్టల్‌కి చేరాక తమ్ముడికి ఫోన్ చేశాను. తిట్టడానికి కాదు. మూడు వారాలుగా మాట్లాడుకోలేదు.

చాలాసేపు ఇద్దరం ఏమీ అనలేదు. తర్వాత వాడే అన్నాడు. “అక్కా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. నాకోసం ప్రార్థన చేయమని గ్రూప్‌లో పెట్టొద్దని అమ్మకి చెప్పవా? నాకు ఊళ్లో తలెత్తుకోబుద్ధి కావట్లేదు. ఆ రోజు నువ్వు సాక్ష్యం చెప్తుంటే పారిపోదామనిపించింది.”

ప్రార్థన మనవి పేరుతో మనం ఎంతమంది గుట్టు బజార్లో పెడుతున్నామో నాకు అప్పుడు తెలిసొచ్చింది. దేవుడికి చెప్తే సరిపోయేది. ఆయన మీద నమ్మకం చాలకే ఊరందరికీ చెప్పుకున్నాం.

“సారీ రా,” అన్నాను. “సరే, నువ్వే చెప్పు. నీకోసం ఏం అడగమంటావు?”

ఈ ప్రశ్న వాణ్ని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అయిదు నెలల్లో ఒక్కసారి కూడా.

వాడు కాసేపు ఆగి అన్నాడు. “రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా అక్కా. పగలంతా బానే ఉంటుంది. ఆ టైమ్‌లో ఒక్కణ్నే ఉంటాను కదా, చేతులు వాటంతటవే ఫోన్ మీదికి వెళ్లిపోతాయి. ఆ రెండు గంటలు గడిస్తే చాలు.”

హైదరాబాద్‌లో ఉద్యోగం కాదు, రూమ్మేట్స్ కాదు, డిసెంబర్ కాదు. రెండు గంటలు.

ఆ రోజు నుంచి రాత్రి పదకొండుకి నేను వాడికి ఫోన్ చేస్తున్నాను. ఆఫీస్ సంగతులు, సినిమాలు, అమ్మ చేసిన గోంగూర, ఏదో ఒకటి. బెట్టింగ్ గురించి వాడు తీస్తేనే మాట్లాడతాను. ఫోన్ పెట్టేశాక వాడి పేరు చెప్పి, ఈ రాత్రికి తోడుండు ప్రభువా అంటాను. మునుపు అరగంట పట్టే ప్రార్థన ఇప్పుడు రెండు నిమిషాల్లో అయిపోతుంది. పేరు ఒక్కటే ఉంటుంది కాబట్టి.

ఈసారి వాడి అప్పు నేను కట్టలేదు. మొదటిసారి నేను మొత్తం కట్టేయడం వల్లే వాడికి మళ్లీ అప్పు చేసే ధైర్యం వచ్చిందని ఇప్పుడు అర్థమవుతోంది. దాన్నే నేను దేవుడి జవాబు అని మైక్‌లో చెప్పాను. ఇప్పుడు వాడే నెలకి ఎనిమిది వేలు కడుతున్నాడు. జీతం రాగానే నాన్న అకౌంట్‌లో వేస్తాడు, నాన్న అక్కణ్నుంచి కడతారు. ఒక రోజు వాడంతట వాడే 14416కి చేశాడు. టెలి మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సర్వీస్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లతో మాట్లాడాక ఇప్పుడు నెలకి రెండుసార్లు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడు. ప్రార్థన చేస్తున్నాం కదా, ఇవన్నీ ఎందుకని ఒకరిద్దరు అన్నారు. మోనికా ఓడ ఎక్కింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంతకీ మానేశాడా అని మీరు అడుగుతారు. ఐపీఎల్ నడుస్తుండగా మే నెలలో ఒకసారి జారాడు. నాలుగు వేలు. కానీ ఈసారి రికవరీ వాళ్లు చెప్పలేదు. అదే రాత్రి పన్నెండున్నరకి వాడే నాకు ఫోన్ చేసి చెప్పాడు. నాకు కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఫోన్ పెట్టేశాక పేతురు గుర్తొచ్చాడు. ఆ తర్వాత ఇప్పటివరకూ మళ్లీ లేదని చెప్తున్నాడు. నేను నమ్ముతున్నాను. రేపు ఏమవుతుందో నాకు తెలియదు. దీన్ని సాక్ష్యంగా చెప్పమంటే చెప్పలేను.

నోట్స్ యాప్‌లో ఆ పట్టిక డిలీట్ చేసేశాను. తెనాలిలో ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కున్నాను. ఇప్పటికి పదకొండు పేర్లు ఉన్నాయి. అందులో నాన్న పేరూ ఉంది. మొన్న తమ్ముడు ఇంటికి వెళ్తే, భోజనం దగ్గర నాన్న “పెరుగు వేసుకో” అన్నారట. అంతే అన్నారట. అమ్మ ఆ రెండు మాటలు నాకు ఫోన్‌లో మూడుసార్లు చెప్పింది.

చర్చి గ్రూప్‌లో మెసేజ్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఎమోజీ నొక్కే ముందు ఫోన్ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, ఆ మనిషి పేరు ఒక్కసారి చెప్తున్నాను. ఇరవై సెకన్లు పడుతుంది. బాగా తెలిసినవాళ్లయితే విడిగా ఒక మెసేజ్ పెడుతున్నాను. ‘మీకోసం ఏం అడగమంటారు?’ అని. ఒకసారి ఎవరినైనా అలా అడిగి చూడండి. మనం అనుకున్న జవాబు చాలాసార్లు రాదు.

టైమ్ పదకొండు కావస్తోంది. తమ్ముడికి ఫోన్ చేయాలి.